బేస్ జంపింగ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లకు: పారాచూట్ సామాను ఎంపిక, భద్రత – తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు యువత తరచుగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. అన్నీ చదివే ఓపిక లేకపోయినా మొదటి మూడు జవాబులు, ప్యాకింగ్ గురించిన జవాబు చదవండి. అవి చదవకుండా మాత్రం రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు.

బేస్ జంపింగ్‌కూ స్కైడైవింగ్‌కూ అసలు తేడా ఏమిటి?

విమానంలోంచి కాకుండా భవనం, టవర్, వంతెన, కొండ లాంటి కదలని ఎత్తు మీంచి దూకి పారాచూట్‌తో దిగడాన్ని బేస్ జంపింగ్ అంటారు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ చేతిలో ఉండే సమయం వేరు, సామానూ వేరు.

స్కైడైవర్ నేలకు రెండున్నర, మూడు వేల అడుగుల పైనే పారాచూట్ తెరుస్తాడు. అది సరిగ్గా తెరుచుకోకపోతే దాన్ని వదిలించుకుని రిజర్వ్, అంటే అదనంగా ఉండే రెండో పారాచూట్, తెరుస్తాడు. స్పృహ తప్పినా రిజర్వ్‌ను దానంతట అదే తెరిచే యంత్రం ఒకటి ఉంటుంది. మామూలు అమరికలో అది నేలకు దాదాపు 750 అడుగుల ఎత్తున పనిచేస్తుంది. ఇప్పుడు అమెరికాలోని ఐడహోలో ఉన్న పెర్రిన్ వంతెన సంగతి చూడండి. ప్రపంచంలో ఎక్కువమంది బేస్ నేర్చుకునే చోటు అది. దాని ఎత్తు 486 అడుగులు. అంటే స్కైడైవింగ్‌లో చివరి రక్షణ పనిచేసే ఎత్తు కన్నా కిందనే ఇక్కడ దూకడం మొదలవుతుంది. అందుకే బేస్‌లో రిజర్వ్ ఉండదు. ఒక్కటే పారాచూట్.

ఎంత ప్రమాదకరం? ఉన్నదున్నట్టు చెప్పండి.

నార్వేలోని షెరాగ్ కొండ దగ్గర 1995 నుంచి 2005 దాకా 20,850 జంపులు లెక్కకు వచ్చాయి. అందులో 9 మంది చనిపోయారు. సుమారుగా 2,300 జంపులకు ఒక ప్రాణం. అదీ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న, బాగా తెలిసిన కొండ దగ్గర. 1978లో అమెరికాలోని ఎల్ కాపిటాన్ కొండ మీంచి చేసిన జంపులతో ఈ క్రీడకు రూపం ఇచ్చిన కార్ల్ బేనిష్ కూడా 1984లో నార్వేలోనే, ట్రోల్‌వెగ్గెన్ కొండ దగ్గర దూకి చనిపోయాడు. ఈ పేజీలో చెప్పినవన్నీ పాటించినా ప్రమాదం తగ్గుతుందే గానీ పోదు. ఈ మాట ఇంట్లోవాళ్లకు కూడా ఇంతే సూటిగా చెప్పండి.

స్కైడైవింగ్ చేయకుండా నేరుగా బేస్ మొదలుపెట్టొచ్చా?

వద్దు. మంచి గురువులు, శిక్షణ ఇచ్చేవాళ్లు దాదాపు అందరూ కనీసం 200 స్కైడైవ్‌లు అడుగుతారు. అయితే అంకె ఒక్కటే చాలదు. ఆ రెండు వందల్లో ఏం నేర్చుకున్నారన్నదే లెక్క. ఏడెనిమిది వందల జంపులు చేసి కూడా అనుకున్న చోట దిగలేనివాళ్లు ఉంటారు.

పారాచూట్‌ను నడపడం ముందు రావాలి. బేస్‌లో దిగే చోటు చాలాసార్లు చిన్నది, చుట్టూ రాళ్లు, చెట్లు, నీళ్లు. పెద్ద ఏడు గదుల కానోపీతో (గాలి నిండి విచ్చుకునే పారాచూట్ బట్టను కానోపీ అంటారు) ఎంచుకున్న గురికి పది మీటర్ల లోపు వరుసగా దిగగలగాలి. గాలికి ఎదురుగానే కాదు, పక్కగాలిలో, వెనకగాలిలో కూడా. వెనక రైజర్లతో (కానోపీ తాళ్లను భుజాల దగ్గర కలిపే పట్టీలు) తిప్పడం, బ్రేకులు లోతుగా లాగి నెమ్మదిగా దిగడం, కానోపీ ఏ దశలో గాలి కోల్పోయి కూలుతుందో గుర్తుపట్టడం చేతికి అలవాటు కావాలి. కాళ్లు దగ్గరగా పెట్టి, మోకాళ్లు వంచి, పక్కకు దొర్లుతూ దిగే పద్ధతిని నేల మీదే వందసార్లు చేయండి. కాలు విరగకుండా కాపాడేది అదే. చివరగా, మీ పారాచూట్ మీరే మడవండి. డబ్బులిచ్చి మడిపించుకునే అలవాటు ఉంటే దాన్ని స్కైడైవింగ్ దశలోనే మానుకోండి.

వరంగల్ నుంచి ఎక్కడికి వెళ్లి నేర్చుకోవాలి?

ఉమ్మడి వరంగల్ జిల్లాలో స్కైడైవింగ్ లైసెన్స్ ఇచ్చే చోటు లేదు. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్, హరియాణాలోని నార్నౌల్ పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. టికెట్ కొనే ముందు ఫోన్ చేసి, ట్యాండెం జంపులే నడుస్తున్నాయా, ఒంటరిగా దూకే లైసెన్స్ శిక్షణ కూడా ఉందా అని అడగండి. ట్యాండెంలో మీరు శిక్షకుడికి కట్టుకుని వెళ్తారు, అది అనుభవమే గానీ శిక్షణ కాదు. లైసెన్స్ కోసం మనవాళ్లు థాయ్‌లాండ్, దుబాయ్, స్పెయిన్ లాంటి చోట్లకు వెళ్తుంటారు. అమెరికా పద్ధతిలో 25 జంపులకు ‘ఎ’ లైసెన్స్, 50కి ‘బి’, 200కి ‘సి’. ‘సి’ దాకా వెళ్లాకే బేస్ గురించి గంభీరంగా ఆలోచించండి.

మా దగ్గర గుట్టలు, జలపాతాలు మస్తుగా ఉన్నాయి కదా. అక్కడ దూకలేమా?

ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి లెక్క వేసి చెబుతాం. గాలి ఒరిపిడిని పక్కన పెడితే, దూకిన మొదటి సెకనులో 4.9 మీటర్లు పడతారు. రెండు సెకన్లకు 19.6 మీటర్లు, మూడు సెకన్లకు 44, నాలుగు సెకన్లకు 78.

కుంటాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు. పైనుంచి పడితే మూడు సెకన్లలో అడుగున ఉంటారు. అదీ నిట్టనిలువుగా కాదు, మెట్లు మెట్లుగా రాళ్లున్న చోటు. నలభై మీటర్ల సెల్ టవర్ అయితే మూడు సెకన్లు కూడా లేవు. గోదావరి మీది ముల్లకట్ట వంతెన పొడవు చూస్తే కళ్లు తిరుగుతాయి గానీ ఎత్తు తక్కువ. భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్ట రాక్ క్లైంబింగ్‌కు మంచి చోటు, జంపింగ్‌కు కాదు. మన గుట్టల్లో చాలావాటికి గోడ నిటారుగా ఉండదు. బండలు బయటికి పొడుచుకొచ్చి మెట్లలా ఉంటాయి. దూకినవాడు గోడకు దూరంగా పడాలంటే కింద ఆ జాగా ఉండాలి.

ఇంకో విషయం. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు కట్టుకుంటాయి. మిగిలినవే కొద్ది, వాటి జోలికి ఎవరూ వెళ్లకూడదు. మన కొండ గోడలకు, వంతెనల కిందా, టవర్ల మీదా పెద్ద తేనెపట్లు ఉంటాయి. అవి రేగితే తాడు మీద ఉన్న క్లైంబర్‌కే దారి దొరకదు, ఇక అంచున నిలబడినవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

చివరి మాట: మన ప్రాంతంలో కొత్తవాళ్లు దూకదగిన చోటు మేం ఒక్కటీ చూపించం.

అనుమతి తీసుకోకుండా తెల్లవారుజామున దూకి వచ్చేస్తే?

టవర్, థర్మల్ స్టేషన్ చిమ్నీ, కట్టుబడిలో ఉన్న భవనం ఇవన్నీ ఒకరి ఆస్తి, ఎక్కితే అక్రమ ప్రవేశం కేసు. కవ్వాల్ టైగర్ రిజర్వ్, ఏటూరునాగారం అభయారణ్యం లాంటి చోట్ల 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. ఓరుగల్లు కోట లాంటివి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. చట్టం సంగతి ఒకటైతే, దొంగచాటుగా దూకేవాడు చీకట్లో దూకుతాడు, గాలి చూడటానికి ఆగడు, దెబ్బ తగిలితే సాయం పిలవడానికి భయపడతాడు. ప్రమాదాన్ని పెంచేవన్నీ ఒకేచోట చేరతాయి.

అనుమతి ఉన్న చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. పెర్రిన్ వంతెన మీద ఏడాది పొడుగునా అనుమతి పత్రం లేకుండానే దూకొచ్చు. వెస్ట్ వర్జీనియాలోని న్యూ రివర్ గార్జ్ వంతెన (876 అడుగులు) మీద అక్టోబరులో బ్రిడ్జ్ డే నాడు దూకనిస్తారు. స్విట్జర్లాండ్‌లోని లౌటర్‌బ్రూనెన్, నార్వేలోని షెరాగ్ కొండలు అనుభవం వచ్చాక వెళ్లాల్సినవి.

నా స్కైడైవింగ్ పారాచూట్‌నే వాడొచ్చా?

వాడకూడదు. స్కైడైవింగ్ కానోపీని మెల్లగా తెరుచుకునేలా చేస్తారు. పూర్తిగా తెరుచుకోవడానికి ఆరేడు వందల అడుగులు, కొన్నింటికి ఇంకా ఎక్కువే తీసుకుంటుంది. బేస్ కానోపీ తక్కువ వేగంలోనే, కొద్ది ఎత్తులోనే, మీరు చూస్తున్న దిక్కుకే తెరుచుకోవాలి. అందుకే ఏడు గదులతో, పెద్దగా ఉంటుంది. చాలావాటికి కింది బట్టలో అదనంగా గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు, గాలి వెనక్కి పోకుండా కవాటాలు ఉంటాయి. మొదటి కానోపీకి ఇవి ఉన్నవే తీసుకోండి. తెరుచుకున్న వెంటనే గది నిండి, నడపడానికి వీలైన స్థితికి త్వరగా వస్తుంది.

కానోపీ సైజు ఎలా లెక్కేయాలి?

దూకేటప్పుడు మీ ఒంటి మీదున్న మొత్తం బరువు తీసుకోండి. మనిషి, పారాచూట్ సెట్టు, హెల్మెట్, బూట్లు, అన్నీ. దాన్ని పౌండ్లలోకి మార్చి 0.7తో భాగిస్తే చదరపు అడుగులు వస్తాయి.

72 కిలోల మనిషి, సామాను 10 కిలోలు అనుకుందాం. మొత్తం 82 కిలోలు, అంటే సుమారు 181 పౌండ్లు. 0.7తో భాగిస్తే 258. కాబట్టి 260 దగ్గర్లో ఉన్న సైజు. రెండు సైజుల మధ్య ఊగుతుంటే పెద్దదే తీసుకోండి. స్కైడైవింగ్‌లో 150 నడిపిన చేతికి 260 బద్ధకంగా అనిపిస్తుంది, తిప్పితే ఆలస్యంగా తిరుగుతుంది. ఆ బద్ధకమే రాళ్ల మధ్య నెమ్మదిగా దిగనిస్తుంది. మరీ పెద్దది కూడా మంచిది కాదు, కొద్ది గాలికే వెనక్కి కొట్టుకుపోతుంది.

కొన్నాక నేరుగా వంతెన మీదికి వెళ్లకండి. అదే కానోపీని స్కైడైవింగ్ కంటైనర్‌లో (పారాచూట్ మడిచి పెట్టే వీపు సంచి), రిజర్వ్‌తో సహా పెట్టుకుని విమానంలోంచి కొన్ని జంపులు చేయండి.

పైలట్ చూట్ ఏ సైజు? నాలుగైదు రకాలు ఎందుకు అమ్ముతారు?

చేత్తో గాలిలోకి విసిరే చిన్న గుండ్రటి పారాచూట్‌ను పైలట్ చూట్ అంటారు. అది గాలి పట్టుకుని, బ్రైడిల్ అనే సుమారు తొమ్మిది అడుగుల పట్టీతో కానోపీని బయటికి లాగుతుంది. వేగం తక్కువైతే లాగే బలం కోసం పెద్దది కావాలి, వేగం ఎక్కువైతే చిన్నది చాలు.

ఎక్కువమంది వాడే కొలతలు ఇవి. దూకగానే గానీ రెండు సెకన్ల లోపు గానీ తెరిస్తే 46 నుంచి 48 అంగుళాలు. రెండు నుంచి నాలుగు సెకన్లకు 42. నాలుగు నుంచి ఎనిమిది దాకా 36 లేదా 38. అంతకు మించితే 32 లేదా 34. మీ కానోపీ తయారీదారు వేరే చెబితే వాళ్ల మాటే పాటించండి.

చిన్నదాన్ని తక్కువ వేగంలో విసిరితే అది తటపటాయిస్తుంది. ఒక్క సెకను తటపటాయిస్తే ఎన్ని మీటర్లు పోతాయో పైన లెక్క ఉంది. పెద్దదాన్ని ఎక్కువ వేగంలో విసిరితే కానోపీని మధ్యలో పట్టుకుని బలంగా గుంజుతుంది, లైన్లు (కానోపీకి కట్టిన తాళ్లు) వరుసగా విడవకముందే బట్ట పైకి పోతుంది, తెరుచుకోవడం అస్తవ్యస్తమవుతుంది. కొత్తవాళ్లకు మొదట 46 ఒకటి, 42 ఒకటి చాలు. మిగతావి ఎత్తైన చోట్లకు వెళ్లేటప్పుడు చూసుకోవచ్చు.

స్లైడర్ పైన, స్లైడర్ కింద – ఈ గొడవేమిటి?

స్లైడర్ అంటే నాలుగు మూలలా రింగులున్న బట్ట ముక్క. లైన్ల వెంట కిందికి జారుతూ కానోపీ ఒక్కసారిగా విచ్చుకోకుండా ఆపుతుంది. వేగంగా పడుతున్నప్పుడు అది లేకపోతే కుదుపుకి మెడ, నడుము దెబ్బతింటాయి, కానోపీ కూడా చిరగొచ్చు. తక్కువ వేగంలో అది పైన ఉంటే కానోపీ తెరుచుకోవడానికి ఉన్న కాస్త ఎత్తూ సరిపోదు. అందుకని మూడు సెకన్ల లోపు జంపులకు స్లైడర్‌ను కింద కట్టేస్తారు లేదా తీసేస్తారు. నాలుగు సెకన్లు దాటితే పైన ఉంచుతారు. ఆ మధ్యలో ఉన్నదాన్ని కొత్తవాళ్లు ఒంటరిగా తేల్చుకోకూడదు, గురువును అడగాలి.

స్లైడర్ కింద ఉన్నప్పుడు ఇంకో రెండు మార్పులు చేయాలి. కానోపీ వెనక అంచున బ్రేక్ లైన్లను చిన్న రబ్బరు బ్యాండుతో పట్టి ఉంచే టెయిల్ గేట్ వాడాలి. లైన్లు బట్ట ముందుకు దూకి మీద పడకుండా ఆపేది అదే. బ్రేక్ లైన్లను రైజర్ మీది గైడ్ రింగులోంచి కాకుండా బయటి నుంచి పోనివ్వాలి. ఒకవేళ లైన్ కానోపీ మీద పడితే టాగుల్ (బ్రేక్ లైన్ చివర చేత్తో పట్టుకునే పిడి) వదిలేస్తే చాలు, ఆ లైన్ పూర్తిగా జారిపోతుంది. స్లైడర్ పైన పెట్టిన ప్యాకింగ్‌లో ఈ అమరిక వేరు. ఒకదాని అలవాటులో రెండోది మడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. సంచికి చీటీ కట్టి ‘కింద’ అనో ‘పైన’ అనో, పైలట్ చూట్ సైజు ఎంతో రాసి పెట్టుకోండి.

వెల్క్రో కంటైనరా, పిన్ కంటైనరా?

కంటైనర్ మూతను వెల్క్రోతో గానీ పిన్‌తో గానీ మూస్తారు, రెండూ పనిచేస్తాయి. వెల్క్రో అరిగిపోతుంది, దుమ్ము పట్టి పట్టు తగ్గుతుంది, తరచూ మార్చాలి. పిన్‌లది ఎక్కువ రకాల జంపులకు సరిపోతుంది, ఇప్పుడు ఎక్కువమంది దానివైపే వెళ్తున్నారు. అయితే పిన్ వంగిందా, దాన్ని పట్టే తాడు ముడి పెళుసైందా అని ప్రతిసారీ చూడాలి. హార్నెస్, అంటే ఒంటికి కట్టుకునే పట్టీల సెట్టు, మీ ఒంటికి కొలిచి కుట్టించుకోవడం మేలు. వదులుగా ఉంటే తెరుచుకునేటప్పుడు భుజం జారుతుంది, పైలట్ చూట్ పిడి చేతికి అందే చోటు మారిపోతుంది.

ప్యాకింగ్‌లో ఎక్కడ తప్పులు జరుగుతాయి?

రిజర్వ్ లేని ఆటలో రిజర్వ్ అంటూ ఏదైనా ఉంటే అది ప్యాకింగే. కొత్తవాళ్లకు గంట పైనే పట్టొచ్చు, పట్టనివ్వండి. మాట్లాడించేవాళ్లను పక్కకు పంపండి, ఫోన్ కట్టేయండి. మధ్యలో ఆపాల్సి వస్తే ఆపిన చోటు నుంచి కాదు, మళ్లీ మొదటి నుంచి.

లైన్లు ఒకదానిలోంచి ఒకటి దూరకుండా రైజర్ల నుంచి కానోపీ దాకా వేళ్ల మధ్య పట్టి నడవాలి. మెలిక పడిన లైన్ ముడిగా బిగుసుకుంటే కానోపీ తెరుచుకున్నాక ఒకవైపే తిరుగుతుంది. బ్రేకులు సరైన లోతు గుర్తు దగ్గరే పెట్టారా చూడాలి. స్లైడర్ కింద ఉన్నప్పుడు లోతైన గుర్తు దగ్గర పెట్టకపోతే కానోపీ తెరుచుకోగానే ముందుకు, అంటే గోడ ఉంటే గోడ మీదికి, దూసుకుపోతుంది. ఎడమ, కుడి మడతలు సమానంగా లేకపోయినా దిక్కు తప్పుతుంది.

మడత పట్టడానికి క్లాంపులు వాడతారు. మొదలుపెట్టే ముందు వాటిని, మిగతా పనిముట్లను లెక్కపెట్టి పెట్టుకోండి. సంచి మూసేముందు మళ్లీ లెక్కపెట్టండి. ఒక్క క్లాంపు లోపల ఉండిపోతే కానోపీ తెరుచుకోదు.

బ్రైడిల్ దారి చివరి తనిఖీ. అది హార్నెస్ కింద నుంచో, కాలి పట్టీలోంచో పోకుండా పైలట్ చూట్ నుంచి పిన్ దాకా అడ్డు లేకుండా ఉండాలి. ఈ తనిఖీ ప్యాక్ చేశాక ఒకసారి, ఒంటికి కట్టుకున్నాక ఇంకొకరి చేత ఒకసారి, అంచు దగ్గర మళ్లీ ఒకసారి.

కానోపీ తెరుచుకుంది కానీ గోడవైపు తిరిగి తెరుచుకుంది. అప్పుడు?

కొండల దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసే పరిస్థితుల్లో ఇదొకటి. కానోపీ విచ్చుకుంటుండగానే చేతులు వెనక రైజర్ల మీద ఉండాలి. టాగుల్స్ కోసం వెతకొద్దు. బ్రేకులు పెట్టి ఉండగానే ఒక వెనక రైజర్‌ను గట్టిగా లాగి తిప్పండి. గోడ మరీ దగ్గరైతే రెండు రైజర్లూ లాగి వేగం చంపి తర్వాత తిప్పుతారు. ఆలోచించడానికి సమయం ఉండదు, చేయి దానంతట అదే పోవాలి. ఇంట్లో దూలానికి కట్టిన హార్నెస్‌లో వేలాడుతూ, స్నేహితుడు ‘ఎడమ’, ‘కుడి’, ‘గోడ’ అని అరిస్తే రైజర్ లాగే అభ్యాసం రోజూ చేయండి.

దిక్కు తప్పడానికి కారణాలు చాలావరకు మనిషిలోనే ఉంటాయి: ఒక భుజం కిందికి వంచి దూకడం, అంచు మీద జారడం, కిందికి చూస్తూ తల ముందుకు పోవడం. ఛాతీ ఎత్తి, చూపు దూరంగా పెట్టి, రెండు కాళ్లతో సమంగా తోసుకుని వెళ్లాలి.

మొదటి జంప్ ఎలా ఉండాలి?

వంతెన మీంచి. కానోపీ ఎటు తిరిగి తెరుచుకున్నా ముందు గుద్దుకోవడానికి గోడ ఉండదు. పైలట్ చూట్‌ను వెనక నిలబడిన అనుభవజ్ఞుడు పట్టుకుంటాడు, మీరు పడుతుండగా అది లాగబడి కానోపీ బయటికి వస్తుంది. లేదా బ్రైడిల్‌ను 80 పౌండ్ల బలానికి తెగే దారంతో వంతెన రెయిలింగ్‌కు కడతారు, కానోపీ బయటికొచ్చాక దారం తెగుతుంది. కింద నీళ్లుంటే గాలి నింపుకునే లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఈత రానివాళ్లు ముందు ఈత నేర్చుకోండి.

ఏ గాలిలో దూకొచ్చు?

కొత్తలో గాలి లేనప్పుడే. అంచు దగ్గర ఒక గాలి, దిగే చోట ఇంకో గాలి ఉంటాయి. కింద ఒకరు రిబ్బన్ కట్టిన కర్ర పట్టుకుని ఫోన్‌లో చెబుతుండాలి. ముఖానికి కొడుతున్న గాలి హాయిగా ఉంటుంది గానీ అది కానోపీని మీ వెనకున్న గోడ మీదికి నెడుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత ఈదురుగాలులు చెప్పకుండా వస్తాయి, ఇక్కడ కానోపీ నేల మీద ఎగరేసి అభ్యాసం చేసేవాళ్లు కూడా పొద్దున్నే ముగించుకోండి. సందేహం వస్తే ఎక్కిన దారినే దిగి రావాలి, ఎంత దూరం ప్రయాణించి వచ్చినా సరే.

హెల్మెట్, బూట్లు?

గడ్డం కాపాడే పూర్తి హెల్మెట్, మోకాలి, మోచేతి ప్యాడ్లు, వీపు రక్షణ. చీలమండ పట్టే బూట్లు తీసుకోండి కానీ లేసులకు ఇనుప కొక్కేలున్నవి వద్దు, లైన్లు తగులుకుంటాయి. ఉన్నవాటినే వాడాలంటే కొక్కేల మీద టేపు చుట్టండి. హార్నెస్‌కు లైన్లు కోసే హుక్ కత్తి ఒకటి చేతికందేలా.

పాత సెట్టు కొంటే డబ్బు మిగులుతుందా?

మిగులుతుంది. కొత్త సెట్టు మూడు వేల డాలర్లు దాటుతుంది, దిగుమతి సుంకం అదనం. అయితే పాతది కొనేటప్పుడు ఎన్ని జంపులు, నీళ్లలో పడిందా, ఎక్కడైనా అతుకు వేశారా అని రాతపూర్వకంగా అడగండి. బట్టను వెలుగుకు ఎదురుగా పట్టి చిన్న రంధ్రాలు, స్లైడర్ రింగులు లైన్లను కాల్చిన గుర్తులు, బ్రేక్ లైన్లు కుంచించుకుపోయి రెండు వైపులా పొడవు తేడా వచ్చిందేమో చూడండి. ఇవన్నీ చూశాక కూడా బేస్ సామాను తెలిసిన రిగ్గర్ (పారాచూట్లు తనిఖీ చేసి బాగుచేసేవాడు) చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. పాత పైలట్ చూట్ మాత్రం కొనకండి, అది కొత్తదే కావాలి.

వింగ్‌సూట్ ఎప్పుడు?

చేతులకూ కాళ్లకూ మధ్య రెక్కల్లా బట్ట ఉండే సూట్ అది. ఇప్పుడు కాదు. విమానంలోంచి మొదటి వింగ్‌సూట్ జంప్‌కే 200 స్కైడైవ్‌లు ఉండాలి. కొండ మీంచి అంటే ఆ పైన ఇంకెంతో.

బీమా, ఇంట్లోవాళ్లు, అత్యవసరం?

చాలా ప్రమాద బీమా పాలసీలు ఇలాంటి క్రీడలను మినహాయిస్తాయి, మినహాయింపుల పేజీ చదివి తీసుకోండి. విదేశం వెళ్తే కొండల్లో హెలికాప్టర్ రక్షణ ఖర్చు కలిపే పాలసీ ఉందా చూడండి. ప్రతి జంప్‌కూ కింద ఒక మనిషి ఉండాలి. అతని దగ్గర ఆ ఊరి అత్యవసర నంబరు, దగ్గరి ఆస్పత్రి దారి, మీ రక్తం గ్రూపు రాసిన కాగితం ఉండాలి. కింద పడి నడుము నొప్పి అంటున్న మనిషిని లేపి కూర్చోబెట్టొద్దు, మెడ కదలకుండా పట్టుకుని అంబులెన్స్ వచ్చేదాకా ఆగాలి.

ఇంట్లో సామాను ఎలా దాచాలి?

నైలాన్‌కు ఎండ పడదు. డాబా మీద ఆరేయడం, అభ్యాసం అయ్యాక గంటలకొద్దీ ఎండలో వదిలేయడం వద్దు. మే నెల వరంగల్ ఎండలో కారు డిక్కీలో అసలు ఉంచొద్దు, పైగా బ్యాటరీ ఆమ్లం దగ్గరున్నా బట్ట బలం పోతుంది. నీళ్లలో పడితే మంచినీళ్లలో కడిగి నీడలో, గాలి తగిలే చోట పూర్తిగా ఆరబెట్టాలి. సంచిని బీరువాలో పైఅరలో పెట్టండి, ఎలుకలు, చీమలు చేరని చోట. నెలల తరబడి వాడకపోతే, మళ్లీ దూకే ముందు విప్పి లైన్లన్నీ చూసి కొత్తగా మడవండి.